సహజ హక్కు అనగా నేమి?

హక్కు అను మాట మనకు నిత్యవ్యవహారమున నున్నది. నీటి హక్కు, దారి హక్కు, ఓటు హక్కు, చదువు హక్కు అని పలువిధముల వాడుచుందుము. ఈ పదము అరబ్బీ భాషనుండి వచ్చి తెలుగున స్థిరపడినది. ఆ భాషలో దీనికి సత్యము అనియు, న్యాయముగా చెందవలసినది అనియు అర్థములు గలవు. ఒక వస్తువు నా చేత నున్నది యనుట వేఱు. అది నాకు చెందుట న్యాయము అనుట వేఱు. ఈ రెండవ మాట యనగనే ఎదుటివాడు "ఏ న్యాయముచేత?" అని ప్రశ్నించును. దానికి రెండు విధముల సమాధానము చెప్పవచ్చును. "చట్టము నాకిచ్చినది కావున" అనుట యొకటి. "చట్టమున్నను లేకున్నను అది నాకు సహజముగా గలదు కావున" అనుట మఱియొకటి. ఈ రెండవ సమాధానముచేత నిలుచు హక్కునకే సహజ హక్కు అని పేరు.

ఈ భేదము పండితుల వాదములకు మాత్రమే పనికివచ్చునది కాదు. చట్టమిచ్చినదానిని చట్టమే మరల తీసికొనవచ్చును. సహజముగా గలదానిని తీసికొనుటకు ఎవరికిని అధికారము లేదు. అట్లయిన, మనము ప్రాణములతో నుండుటయు, స్వేచ్ఛగా తిరుగుటయు ఈ రెండింటిలో ఏ కోవకు చెందును? మన దేశమున 1976వ సంవత్సరమున సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకే సమాధానము చెప్పవలసివచ్చెను. ఆ వృత్తాంతమును చెప్పుటకు ముందు, సహజ హక్కు అను భావమును మన చట్టము స్పష్టముగా నిరూపించిన తావు నొకదానిని చూతము. అది మనుష్యుని గుఱించినది కాదు, మన్ను గుఱించినది.

భూమికి సంబంధించిన సహజ హక్కులు

1882వ సంవత్సరపు 5వ చట్టమునకు ఇండియన్ ఈజ్మెంట్స్ యాక్టు అని పేరు. ఇది మొదట మదరాసు రాజధానికిని, మధ్యపరగణాలకును, కొడగునకును వర్తించునట్లు చేయబడినది. మన బళ్ళారి ప్రాంతము 1953 వఱకు మదరాసు పాలనలో నుండుటచే, ఈ చట్టము ఇచ్చటివారికి తాతల నాటినుండియు పరిచితమైనదే. పొరుగు పొలములవారి నడుమ పుట్టు పెక్కు తగవులు దీని పరిధిలోనికి వచ్చును.

ఈ చట్టములోని 7వ సెక్షను, భూమి గల ప్రతివానికిని ఆ భూమి తనదగుటచేతనే సహజముగా చెందు లాభములు కొన్ని యున్నవని చెప్పి, వానికి ఉదాహరణములను వరుసగా చూపినది. వానిలో కొన్నిటిని మన పల్లెపట్టుల కన్వయించి చూతము.

ఒక ఎగువ చేను, దానిని ఆనుకొని ఒక దిగువ చేను ఉన్నవనుకొనుడు. వాన కురిసినపుడు ఎగువ చేని నీరు సహజముగా దిగువ చేనిలోనికి పాఱును. దిగువ రైతు తన గట్టును ఎత్తుచేసి ఆ నీటిని వెనుకకు నెట్టి, ఎగువ చేను మునుగునట్లు చేసెనేని, ఎగువ రైతు న్యాయస్థానమునకు పోవచ్చును. "నీకీ హక్కు ఎవరు వ్రాసియిచ్చిరి? దస్తావేజు చూపుము" అని అతనిని అడుగుటకు వీలులేదు. నీరు పల్లమెఱుగునను సామెత మనకు కలదు. ఆ నీటి స్వభావమునే చట్టము హక్కుగా అంగీకరించినది.

ఇక రెండవది. మీ పొలము హద్దున పొరుగువాడు లోతుగా గుంటను త్రవ్వెను. అంతవఱకు మీ మన్నును ప్రక్కనుండి పట్టియుంచినది అతని మన్నే. ఆ ఆధారము తొలగగా మీ నేల విఱిగి గుంటలో పడెను. త్రవ్వినది తన పొలములోనే యైనను, అతడు మీకు సమాధానము చెప్పవలసినవాడే. నేల నేలను ఆనుకొని నిలుచుట సహజము; ఆ ఆధారము మీ నేలకు సహజ హక్కు. ఐతే చట్టమిచ్చట ఒక మెలిక పెట్టినది. నేల తన సహజస్థితిలో ఉన్నపుడే ఈ హక్కు. మీరు హద్దు చివర రెండంతస్తుల మేడ కట్టి, ఆ బరువును కూడ పొరుగువాని మన్ను మోయవలెనని సహజ హక్కుగా అడుగరాదు. మేడ ప్రకృతి పెట్టినది కాదు గదా!

మూడవది వంకనీరు. సహజమైన వంక ఒకటి పెక్కు పొలముల ప్రక్కగా పాఱుచున్నచో, ఆ గట్టున భూమి గల ప్రతివాడును త్రాగుటకును, ఇంటి వాడుకకును, పసులకును, ఆ భూమిని తడుపుకొనుటకును ఆ నీటిని వాడుకొనవచ్చును. కాని తనవంటి హక్కే గల తక్కినవారికి చెప్పుకోదగిన నష్టము కలుగునట్లు వాడరాదు. అకారణముగా నీటిని మురికిచేయరాదు. ఏడాది పొడవున పాఱునట్టిది మాత్రమే వంక కాదనియు, అప్పుడప్పుడు మాత్రమే పాఱునదియు సహజమైన ప్రవాహమే యనియు చట్టము వివరించినది. మన ప్రాంతపు వంకలనేకము వానకాలమున పాఱి వేసవిలో ఎండునట్టివి కావున, ఈ వివరణ మనకు మిక్కిలి ముఖ్యమైనది.

గాలియు వెలుతురును ఈ వరుసలోనివే. మీ భూమిమీదికి వచ్చు గాలిని ఇతరులు మితిమీఱి చెఱుపరాదు. మీ నేలపై నిట్టనిలువుగా పడు వెలుతురు మీది. అయితే ప్రక్కయింటి పెరటి మీదుగా మీ కిటికీలోనికి వచ్చు వెలుతురు సహజ హక్కు కాదు. అట్టిదానిని సంపాదించుకొనవలెను.

ఈ చివరి మాటలోనే అసలు రహస్యమున్నది. సంపాదించుకొను హక్కును ఈ చట్టము ఈజ్మెంటు అనినది. పరుల భూమిలోనుండి బండి దారి, పరుల పొలముమీదుగా నీటి కాలువ, ప్రక్కయింటి దిక్కునుండి కిటికీకి వెలుతురు అట్టివి. ఇవి కావలెనన్న పొరుగువాడు ఇచ్చియుండవలెను. లేదా ఆటంకము లేక, బహిరంగముగా, హక్కుగా ఇరువది యేండ్లు అనుభవించియుండవలెను. భూమి ప్రభుత్వముదైనచో ముప్పది యేండ్లు కావలెను. సహజ హక్కునకు దస్తావేజుతో పనిలేదు. ఏండ్ల లెక్కతో పనిలేదు. నిన్న భూమిని కొన్నవానికిని, నాలుగు తరములుగా దున్నుచున్నవానికిని అది సమానము. వంక పక్షమున నిలుచునది సహజ హక్కు. త్రవ్విన కాలువ పక్షమున నిలుచునది ఈజ్మెంటు అని జ్ఞాపకముంచుకొనవచ్చును.

దీనినిబట్టి సహజ హక్కునకు మూడు లక్షణములు తేలుచున్నవి. మొదటిది, అది వస్తువుతోడనే పుట్టును, ఒకరిచ్చినది కాదు. రెండవది, అది నాకున్నట్లే నా పొరుగువానికిని ఉండును. కావున వాని హక్కే నా హక్కునకు హద్దు. మూడవది, చట్టము దానిని సృష్టింపదు, గుర్తించి కాపాడును.

అయినను సహజమను పేరుతో ఏమైనను చేయవచ్చునని తలపరాదు. తన భూమి క్రింద, ఏర్పడిన పాయగా కాక ఊరక ఊఱియుండు నీటిని యజమాని యథేచ్ఛగా తోడుకొనవచ్చునని 1882 నాటి చట్టము చెప్పినది. కపిలతో నీరు తోడిన దినములలో దానివలన పెద్ద చిక్కు లేకుండెను. బోరుబావులు వచ్చినపిమ్మట ఒకని బోరు పదిమంది బావుల నెండింపజాలును. కావుననే కర్ణాటక రాష్ట్రము 2011లో భూగర్భజలముల నియంత్రణకై ప్రత్యేకముగా ఒక చట్టము చేసినది. నదులయొక్కయు, సర్కారు ఖర్చుతో కట్టిన కాలువలయొక్కయు నీటిని పంచుటకు ప్రభుత్వమునకు గల అధికారమును 1882 నాటి చట్టమే ముందుగా మినహాయించినది. రెండవ లక్షణము, అనగా పొరుగువాని సమానమైన హక్కు, ఎచ్చట దెబ్బతినునో అచ్చట చట్టము జోక్యము చేసికొనవలసినదే.

మనుష్యుని సహజ హక్కులు

మన్నునకు ఆధారము సహజమైనచో మనుష్యునకు సహజమైనదేమి? భూమి భూమి యగుటచేతనే కొన్ని హక్కులు గలదైనపుడు, మనుష్యుడు మనుష్యుడగుటచేతనే కొన్ని హక్కులు గలవాడు కాడా? తత్త్వవేత్తలు వేసిన ప్రశ్న ఇదియే.

మహాభారతమున సభాపర్వకథను మీరందఱు ఎఱుగుదురు. ధర్మరాజు జూదమున తన్ను పోగొట్టుకొని, పిదప ద్రౌపదిని పణముగా ఒడ్డి ఓడిపోయెను. తన్ను పిలువవచ్చినవానితో ద్రౌపది, ధర్మరాజు ముందుగా తన్నే పోగొట్టుకొనెనా, లేక నన్నా యని సభను అడిగిరమ్మని పంపెను. తానే పరాధీనుడైనవానికి మఱియొకరిని పణముగా పెట్టు అధికారమెక్కడిది అని దాని భావము. అది చట్టము తెలిసిన ప్రశ్న. సభలోని పెద్దలు దానికి తిన్నగా సమాధానము చెప్పలేకపోయిరి. కౌరవులలో చిన్నవాడైన వికర్ణుడు మాత్రము లేచి ఆమె గెలువబడలేదని పలికెను. అయినను ఆ ప్రశ్నకు అడుగున ఇంకొక ప్రశ్న కలదు. ధర్మరాజు స్వతంత్రుడై యుండినను, ఒక మనుష్యుని జూదమున ఒడ్డవచ్చునా? ధనమును, గోవులను, రాజ్యమును వలె మనుష్యుని కూడ వస్తువుగా లెక్కింపవచ్చునా? ఇది సహజ హక్కు ప్రశ్న. నేటి మన రాజ్యాంగములోని 23వ అధికరణము మనుష్యుల క్రయవిక్రయములను, వెట్టిచాకిరిని నిషేధించి దీనికి సమాధానము చెప్పినది.

పాశ్చాత్యదేశములలో ఈ భావమును విశదముగా వివరించినవారిలో ఇంగ్లండునకు చెందిన జాన్ లాక్ ముఖ్యుడు. 1689లో వెలువడిన గ్రంథమున ఆయన, ప్రభుత్వములు ఏర్పడకముందే మనుష్యులకు ప్రాణము, స్వాతంత్ర్యము, ఆస్తి అను వానిపై హక్కులు గలవనియు, వానిని కాపాడుకొనుటకే మనుష్యులు ప్రభుత్వమును ఏర్పఱచుకొనిరనియు వాదించెను. అట్లు చూచినచో ప్రభుత్వము దాత కాదు, కావలివాడు. కావలికి పెట్టినవాడే దోచుకొనుట కారంభించెనేని, వానిని తొలగించుట న్యాయమే యగును. 1776 జూలై 4వ తేదీన అమెరికా చేసిన స్వాతంత్ర్యప్రకటనకును, 1789 ఆగస్టున ఫ్రాన్సు చేసిన హక్కుల ప్రకటనకును ఈ భావమే పునాది.

ఆ ప్రకటనలలోని లోపములను కూడ మనమెఱిగియుండవలెను. మనుష్యులందఱు సమానులుగా పుట్టిరని అమెరికా ప్రకటనను వ్రాసిన జెఫర్సన్ స్వయముగా బానిసలను కలిగియుండెను. ఆ దేశమున బానిసత్వము చట్టముచే రద్దగుటకు 1865 వఱకు పట్టెను. ఫ్రాన్సు ప్రకటనలో స్త్రీలకు చోటు లేదని 1791లో ఒలింప్ ద గూజ్ అను వనిత స్త్రీల హక్కుల ప్రకటనను వేఱుగా వ్రాసెను; 1793లో ఆమె శిరచ్ఛేదమునకు గురియయ్యెను. ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరు 10వ తేదీన అంగీకరించిన మానవహక్కుల ప్రకటనను సిద్ధపఱచునపుడు, పురుషులందఱు అను అర్థము వచ్చు ఆంగ్లపదము ఉండగా, దానిని మానవులందఱు అని మార్పించినది మన దేశపు ప్రతినిధి హంసా మెహతా. సహజ హక్కు అందఱిదియని నోటితో చెప్పుట సులభము. ఆ అందఱిలో ఎవరెవరు గలరో లెక్కపెట్టుట కష్టము.

మన స్వాతంత్ర్యోద్యమము కూడ ఈ భాషలోనే మాటలాడినది. స్వరాజ్యము జన్మహక్కు అని తిలక్ మహాశయుడు చాటెను. జన్మహక్కు అనగా పుట్టుకతో వచ్చినది. బ్రిటిషు పార్లమెంటు దయచేయవలసినది కాదు. 1930 జనవరి 26వ తేదీన దేశమంతట చదువబడిన పూర్ణస్వరాజ్య ప్రతిజ్ఞలోని సారమును ఇదియే. ఆ దినమును జ్ఞాపకముంచుకొనియే మన రాజ్యాంగము 1950లో అదే తేదీన అమలులోనికి తేబడినది.

ఎదుటి వాదము

ఈ సిద్ధాంతమును ఒప్పుకొననివారును పెద్దవారే. ఆంగ్లదేశపు న్యాయవేత్త జెరిమీ బెంథామ్ సహజ హక్కులను మాటను అర్థములేని ప్రలాపముగా ఎగతాళి చేసెను. ఆయన వాదము త్రోసిపుచ్చదగినది కాదు. హక్కు చట్టమునకు పుట్టిన బిడ్డ యనియు, తల్లి లేక బిడ్డ లేదనియు ఆయన ఆశయము. ఆకలిగొన్నంతమాత్రమున అన్నము పుట్టనట్లే, హక్కు కావలెనని కోరినంతమాత్రమున హక్కు ఏర్పడదు. పైగా ప్రతివాడును తనకు నచ్చినదానిని సహజ హక్కు అని చెప్పుకొనుట కారంభించిన, ఏది నిజమో తేల్చువారెవరు? చట్టపుస్తకమును తెఱచి చూడవచ్చును. ప్రకృతి పుస్తకమును ఎవరు తెఱచి చూపగలరు?

స్వతంత్రభారతమున సుప్రీంకోర్టు మొదట ఇంచుమించు ఈ మార్గముననే నడచెను. మదరాసు జైలులో విచారణ లేక నిర్బంధింపబడిన ఏ.కె. గోపాలన్ వ్యాజ్యమున 1950లో తీర్పు వచ్చెను. చట్టము నిర్ణయించిన పద్ధతి ప్రకారము తప్ప ఎవరి ప్రాణమును గాని స్వేచ్ఛను గాని హరింపరాదని 21వ అధికరణము చెప్పుచున్నది. అందలి చట్టము అనగా శాసనసభ చేసిన చట్టమే గాని, సహజన్యాయసూత్రము కాదని న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు నిర్ణయించిరి. 1967లో గోలక్‌నాథ్ వ్యాజ్యమున మఱియొక ధ్వని వినవచ్చెను. అప్పటి ప్రధానన్యాయమూర్తి మన తెలుగువాడు, రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు. పూర్వము సహజ హక్కులని పిలువబడుచు వచ్చినవానికే ప్రాథమిక హక్కులనునది నేటి పేరని ఆయన తన తీర్పులో అభిప్రాయపడెను. అయిదుగురు విభేదింపగా ఆఱుగురి సమ్మతితో నిలిచిన తీర్పది. ఈ రెండు మార్గములలో ఏది సరియైనదో పరీక్షించు దినములు త్వరలోనే వచ్చినవి.

1976 నాటి పరీక్ష

1975 జూన్ 25వ తేదీన దేశమున అత్యవసరపరిస్థితి ప్రకటింపబడెను. రెండు దినములకు రాష్ట్రపతి ఉత్తరువొకటి వెలువడెను. 14, 21, 22 అధికరణములు ఇచ్చు హక్కులకై ఎవరును న్యాయస్థానమునకు పోరాదని దాని సారాంశము. వేలకొలది జనులు విచారణ లేకయే చెఱసాలలలో నుంచబడిరి. వారిలో పలువురు హెబియస్ కార్పస్ దరఖాస్తులు పెట్టుకొనిరి. నిర్బంధించిన మనుష్యుని న్యాయస్థానము ఎదుటకు తెచ్చి, ఏ చట్టము ప్రకారము నిర్బంధించితిరో చెప్పుడని అధికారులను నిలదీయు ఉత్తరువునకే హెబియస్ కార్పస్ అని పేరు. తొమ్మిది హైకోర్టులు ఈ దరఖాస్తులు వినదగినవే యని తీర్మానించినవి. ప్రభుత్వము సుప్రీంకోర్టునకు అప్పీలు చేసెను. జబల్‌పూరు వ్యాజ్యమని ప్రసిద్ధమైనది ఇదియే.

ప్రభుత్వపక్షపు వాదము బెంథామ్ తర్కమునకు తుదిమెట్టు. ప్రాణమునకును స్వేచ్ఛకును ఉన్న హక్కు 21వ అధికరణమునుండియే పుట్టినది. ఆ అధికరణపు తలుపు మూయబడినది. కావున అడుగుటకు హక్కే లేదు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరలును ఒక ప్రశ్న అడిగెను. పోలీసు అధికారి యొకడు స్వంత పగచేత ఒకని చంపినను న్యాయస్థానమున దిక్కు లేదా యని ఆ ప్రశ్న. అత్యవసరపరిస్థితి ఉన్నంతవఱకు లేదని సమాధానము వచ్చెను.

1976 ఏప్రిల్ 28వ తేదీన తీర్పు వెలువడెను. అయిదుగురిలో నలుగురు ప్రభుత్వవాదమును అంగీకరించిరి. ఖన్నాగారు ఒక్కరే విభేదించిరి. ఆయన తర్కము మిక్కిలి సరళమైనది. రాజ్యాంగము రాకముందు మన దేశమున చట్టముయొక్క ఆధారము లేక ఎవరినైనను చంపుటకు గాని, చెఱబెట్టుటకు గాని అధికారులకు హక్కుండెనా? లేదు. మఱి 21వ అధికరణము రాకముందే ఉన్న రక్షణ, ఆ అధికరణమును ఆపినంతమాత్రమున ఎట్లు పోవును? ప్రాణమునకు గల హక్కు ఆ అధికరణములోనే దాచబడిన వస్తువు కాదు. అధికరణము దానిని గుర్తించినది మాత్రమే. ఇది పైని మనము చెప్పుకొన్న మూడవ లక్షణమే. గట్టు మీది ఱాయిని తీసివేసినంతమాత్రమున హద్దు చెఱిగిపోదు.

సభలో వికర్ణుని వలె ఏకాకిగా నిలిచిన ఖన్నాగారు దానికి మూల్యము చెల్లించిరి. 1977 జనవరిలో వరుస ప్రకారము ఆయనకు రావలసిన ప్రధానన్యాయమూర్తి పదవి ఆయనకన్న చిన్నవారికి ఇయ్యబడెను. ఆయన రాజీనామా చేసిరి.

ఒంటరిమాట వ్యర్థము కాలేదు. అత్యవసరపరిస్థితి 1977 మార్చిలో తొలగింపబడెను. 1978 జనవరిలో మేనకా గాంధీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, 21వ అధికరణమున చెప్పిన పద్ధతి ఏదో ఒక పద్ధతి యైన చాలదనియు, అది న్యాయమైనదిగాను, నిష్పక్షపాతమైనదిగాను, సమంజసమైనదిగాను ఉండవలెననియు చెప్పెను. అదే సంవత్సరపు 44వ రాజ్యాంగసవరణ, ఎట్టి అత్యవసరపరిస్థితిలోనైనను 20, 21 అధికరణముల రక్షణను ఆపరాదని శాసించెను. తుదకు 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ప్రాణమును స్వేచ్ఛయును రాజ్యాంగము సృష్టించినవి కావనియు, మనుష్యునినుండి విడదీయరాని సహజమైన హక్కు లనియు ప్రకటించి, జబల్‌పూరు తీర్పును కొట్టివేసెను. ఆ వ్యాజ్యమును తెచ్చినవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు. 1976లో ప్రభుత్వవాదమును అంగీకరించిన నలుగురిలో వై.వి. చంద్రచూడ్‌గారు ఒకరు, 2017లో ఆ తీర్పు తప్పని వ్రాసినవారు ఆయన కుమారులు డి.వై. చంద్రచూడ్‌గారు. న్యాయపీఠమున బంధుత్వమునకు చోటులేదనుటకు ఇంతకన్న నిదర్శనము వేఱే కావలెనా?

ఏది సహజ హక్కు, ఏది కాదు?

ఇంతవఱకు చెప్పినదానిని విని, మనకు గల హక్కులన్నియు సహజ హక్కులే యని భ్రమపడరాదు. లాక్ మహాశయుడు ప్రాణముతో సమానముగా ఆస్తిని సహజ హక్కులలో చేర్చెను. మన రాజ్యాంగమున ఆస్తి హక్కు మొదట ప్రాథమిక హక్కులలో నుండెను. ప్రాణరక్షణను ఎన్నడును ఆపరాదని చెప్పిన ఆ 44వ సవరణయే ఆస్తిహక్కును ఆ వరుసనుండి తొలగించి, 300-ఎ అధికరణమున సాధారణమైన చట్టబద్ధ హక్కుగా నిలిపెను. 1979 జూన్ 20వ తేదీనుండి ఇది అమలులోనికి వచ్చెను. చట్టము ప్రకారము, ప్రజాప్రయోజనమునకై ఒకని భూమిని ప్రభుత్వము తీసికొనవచ్చును. ఒకని ప్రాణమును, మానమును అట్లు తీసికొనుటకు వీలులేదు. ఓటు హక్కు ఎంత విలువైనదైనను పుట్టుకతో వచ్చినది కాదు. పదునెనిమిదేండ్లు నిండినపిదప చట్టము మనకిచ్చునది.

మఱి మన మాతృభాష మాటయేమి? ఇది మన పాఠశాలకు సంబంధించిన ప్రశ్న. ఇచ్చట రెండింటిని వేఱుచేసి చూడవలెను. శిశువు తల్లి యొడిలో విన్న భాషలో తలచుటయు, మాటలాడుటయు ఎవరును ఇచ్చినవి కావు. ఆ స్వేచ్ఛ సహజమైనదే యని చెప్పవచ్చును. కాని ఆ భాషలో చదువు చెప్పు బడి, గురువు, పుస్తకము, పరీక్ష అనునవి చేను పక్కనున్న వంక వంటివి కావు. మనుష్యులు త్రవ్వుకొన్న కాలువ వంటివి. వానికి చట్టపు ఆధారము కావలెను. రాజ్యాంగమది చూపినది. 29వ అధికరణము తమ భాషను, లిపిని, సంస్కృతిని నిలుపుకొను హక్కును ఇచ్చినది. 30వ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించుకొని నడుపుకొను హక్కును ఇచ్చినది. భాషారాష్ట్రములు ఏర్పడిన 1956లో చేర్చబడిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషలో చదువు చెప్పుటకు తగిన వసతులు కల్పింప ప్రయత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించినది. 2014 మే నెలలో కర్ణాటకకు సంబంధించిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు, పిల్లవాని మాతృభాష ఏదో నిర్ణయింపవలసినవారు తల్లిదండ్రులేగాని ప్రభుత్వము కాదనియు, ప్రాథమికదశలో బోధనభాషను బలవంతముగా విధింపరాదనియు తీర్పు చెప్పెను.

ఈ తీర్పునకు రెండు వైపుల పదునున్నది. తెలుగు వలదని మనలను ఎవరును నిర్బంధింపరాదు. అట్లే తెలుగే చదువుడని మనము కూడ ఎవరిని నిర్బంధింపరాదు. ఎంపిక తల్లిదండ్రులది. కావున మన తెలుగు బడి నిలుచుట చట్టముపై ఎంత ఆధారపడియున్నదో, మన ఇండ్లలోని మనసులపైనను అంత ఆధారపడియున్నది. త్రవ్విన కాలువను ఏటేట పూడిక తీయనిచో, దస్తావేజు పెట్టెలో భద్రముగా నున్నను నీరు పాఱదు.

ముగింపు

విద్యార్థులారా! ఇకమీద ఎవరైనను ఒకదానిని హక్కు అని చెప్పినపుడు మూడు ప్రశ్నలు వేసి చూడుడు. ఇది ఒకరిచ్చినదా, పుట్టుకతో వచ్చినదా? ఇది నాకున్నట్లే నా పొరుగువానికిని, నా భాష మాటలాడని వానికిని, నాకు నచ్చనివానికిని ఉన్నదా? చట్టము దీనిని సృష్టించినదా, గుర్తించినదా? మొదటి రెండు ప్రశ్నలలో నిలిచిన హక్కు సహజ హక్కు. మూడవ ప్రశ్న ప్రభుత్వమునకు దానిపై గల అధికారపు హద్దును చూపును.

బెంథామ్ వాదములో సత్యము లేకపోలేదు. న్యాయస్థానము తలుపు మూసిన దినమున సహజ హక్కు తనంతట తాను ఎవరిని కాపాడజాలదు. 1976లో చెఱసాలలలో నున్నవారిని ఖన్నాగారి విభిన్నాభిప్రాయము విడిపింపలేదు. కాని తలుపు మూయుట అన్యాయమని చెప్పుటకును, మరల తెఱపించుటకును ఆధారమైనది ఆ భావమే. చట్టము చేసినదెల్ల న్యాయమే యని నమ్మినవానికి చెడ్డచట్టమును కాదనుటకు మాట దొరకదు. ఆ మాటను మనకిచ్చునదే సహజ హక్కు అను భావము. ఆ భావము నిలుచుట పుస్తకములలో వ్రాసియుండుటచేత కాదు, పొరుగువానికి అన్యాయము జరిగినపుడు నోరువిప్పువారు ఉండుటచేత. ఎగువ చేనివాడును దిగువ చేనివాడును ఒకే వాననీటికి పొత్తుదారులైనట్లు, ఈ హక్కులకు మనమందఱము పొత్తుదారులము.